నిండిన అరేలో ఆఱవ సంఖ్య

జావా భాషలో ఐదు సంఖ్యలకు చోటు గల అరే నొకదానిని సృష్టించి, అది నిండిన పిదప ఆఱవ సంఖ్యను అందులో చేర్చుట యెట్లని ఇంటర్మీడియట్ చదువుచున్న పాఠకుడొకడు మమ్ము ప్రశ్నించినాడు. చేర్చుట సాధ్యము కాదని ఒక్క మాటలో చెప్పి ఊరకుండవచ్చును. కాని, అదే జావాలో అరేలిస్టనునది లక్షల కొలది సంఖ్యలను కాదనక స్వీకరించుచుండుటయు, ఆ అరేలిస్టు లోపల నున్నదియు చేర్పునకు లొంగని ఈ అరేయే యగుటయు తలచినచో, ఈ ప్రశ్నను అంత సులభముగా విడుచుటకు మన సొప్పదు.

అరే యనగా మెమరీలో ఎడము లేక వరుసగా నమర్చిన గదుల సముదాయము. మొదటి గది చిరునామా 1000 అయి, ఒక్కొక్క సంఖ్యకు 4 బైట్లు పట్టునెడల, ఇండెక్సు 7 గల సంఖ్య 1028వ చిరునామాలో ఉండి తీరును. ఒక గుణకారము, ఒక సంకలనము, లక్షవ సంఖ్యను చేరుటకును అంతే శ్రమ. ఈ వేగము దక్కవలెనన్న వరుస తెగరాదు. ఐదవ గదికి ఆవలి చోటును వేఱొక దత్తాంశము అప్పటికే ఆక్రమించి యుండవచ్చును గనుక, ఆఱవదానిని చేర్చదలచినవాడు మఱియొకచోట పెద్ద అరేను సంపాదించి, పాతవాని నన్నిటిని అందులోనికి కాపీ చేసి, పిమ్మట క్రొత్తదానిని ఉంచవలయును. ఇంతవరకు పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి. ఆ క్రొత్త అరే పాతదానికంటె ఎంత పెద్దది కావలయు ననునదే అసలు రహస్యము.

కావలసినది ఒక్క గదియే కదా యని ఒక్కటే పెంచువారు మొదటి వర్గమువారు. ప్రతి చేర్పునకును ఉన్నవన్నియు కదలవలసి వచ్చుటచే, 1000 సంఖ్యలు చేరులోపల 4,99,500 కాపీలు జరుగును. లక్ష సంఖ్యలకు 499,99,50,000, అనగా రమారమి 500 కోట్లు. సంఖ్యలు నూఱు రెట్లయిన శ్రమ పదివేల రెట్లయినది. రెండవ వర్గమువారు కొంత ముందుచూపు గలవారై పదేసి గదులు పెంచుదురు. లక్షకు వీరి లెక్క 49,99,50,000. పదవ వంతునకు దిగినమాట నిజమే కాని, సంఖ్యలు రెట్టింపయినపుడు శ్రమ నాలుగు రెట్లగు స్వభావము మాత్రము మాఱలేదు. పదికి బదులు వేయి చేర్చినను అది మాఱదు.

కూడుట మాని గుణింపుడు! నిండినపు డెల్ల ఉన్న పరిమాణమును రెట్టింపు చేసినచో, లక్ష సంఖ్యలు చేరులోపల జరుగు కాపీలు 1, 2, 4, 8 మొదలుకొని 65,536 వఱకు గల పదముల మొత్తము, అనగా 1,31,071 మాత్రమే. ఐదువందల కోట్లెక్కడ, లక్షా ముప్పదియొక్క వేలెక్కడ! రెట్టించుచు పోవు శ్రేణిలో వెనుకటి పదములన్నియు కలిసినను తరువాతి పదమునకు ఒకటి తక్కువగుటయే ఇందలి మర్మము. ఇది తెలుగువారికి క్రొత్తది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన, చదరంగపు 64 గళ్ళలో ఒకటి మొదలుకొని రెట్టింపు చేయుచు పోయిన వచ్చు మొత్తమును ఒక పద్యమున బంధించినాడు, అది 18446744073709551615. నేటి కంప్యూటరు 64 బిట్లలో నిలుపగల ఋణచిహ్నము లేని పూర్ణసంఖ్యలలో గరిష్ఠమైనదియు సరిగా నదియే!

రెట్టింపు చేయునాటి చేర్పు ఒక్కటి మిక్కిలి ఆలస్యము కాదా యని ఆక్షేపించువారు గలరు. ఆలస్యమే, కాని ఆ గరిష్ఠమును ప్రతి చేర్పునకును అంటగట్టి మొత్తమును గుణించువారు పొరపడుచున్నారు. 512 నిండి 1024 గదులైన అరే మఱల నిండుటకు మఱి 512 క్రొత్తవి రావలయును. అప్పుడు కదల్పవలసిన 1024 కాపీల భారమును ఆ క్రొత్తవానికి పంచినచో తలకు రెండు, తన గదిలో తాను చేరు శ్రమ యొకటి, వెరసి మూడు. అరే ఎంత పెరిగినను మూడే. ఇది సంభావ్యతపై ఆధారపడిన సగటు కాదు. ఎట్టి దురదృష్టమునందును తప్పని హామీ. 1985లో రాబర్ట్ టార్జన్ ప్రకటించిన పత్రముతో ఈ పంపకపు లెక్క ఒక శాస్త్రీయ పద్ధతిగా స్థిరపడినది.

గుణకము రెండే కానక్కఱలేదు. జావా అరేలిస్టు సగము, పైథాన్ లిస్టు సుమారు ఎనిమిదవ వంతు పెంచుకొనును. సి ప్లస్ ప్లస్ వెక్టరును జీసీసీవారు రెట్టింపు చేయగా, మైక్రోసాఫ్టువారు ఒకటిన్నర రెట్లతో తృప్తిపడిరి. ఈ రెండవ పక్షమున నొక మనోహరమైన యుక్తి గలదు: 16 గదుల నుండి 32కు పోవునపుడు, అంతకుముందు విడిచిన 1, 2, 4, 8 గదులు ప్రక్కప్రక్కనే యున్నను 15 మాత్రమే, రెట్టింపులో విడిచిన చోటు ఎన్నడును తిరిగి అక్కఱకు రాదు. గుణకము 1.618 అను స్వర్ణనిష్పత్తికి లోబడినచో, విడిచినవి కూడుకొని ఒకనాటికి క్రొత్త అరేను భరింపగలవు. మాత్రాఛందస్సుల గణనలో హేమచంద్రుడు చెప్పిన 1, 2, 3, 5, 8, 13 అను వరుసలో పదమును వెనుకటి పదముచే భాగించుచు పోయిన చేరువగు నిష్పత్తియు నిదియే!

ఇక వాడుకను గూర్చి రెండు మాటలు. ఎన్ని సంఖ్యలు రానున్నవో ముందే తెలిసినచో అరేలిస్టును సృష్టించునపుడే ఆ పరిమాణము నిచ్చిన కాపీల బాధయే యుండదు. పైథాన్ లిస్టునకు అలవాటుపడినవారు అరేల కొఱకైన నంపై లైబ్రరీలోని అపెండును కూడ లూపులో నిశ్చింతగా వాడుచుండుట చూడ నాకు కష్టము తోచును; అది పిలిచిన ప్రతిసారియు అరే నంతయు క్రొత్తగా కాపీ చేయును గనుక, వారు తెలియకయే మొదటి వర్గమున చేరుచున్నారు. సంఖ్యలను మొదట లిస్టులో ప్రోగుచేసి, లూపు ముగిసిన పిమ్మట ఒక్కసారి నంపై అరేగా మార్చుకొనవలయును.