మాట పోయినా పాట పోదు

"డాక్టరమ్మా, మా నాయిన మాట్లాడ్తలేడు. మంచినీళ్లు కూడా అడుగుతలేడు. గని నిన్న రాత్రి పాట పాడిండు, మాటలన్నీ సాఫ్‌గ వచ్చినయి. ఆయనకు మతి గిట్ల పోయిందా?"

పక్షవాతం వచ్చిన పెద్దవారి కుటుంబాలు ఇలాంటి ప్రశ్న కన్నీళ్లతో అడుగుతుంటాయి. కొందరైతే "పాట వచ్చినోడికి మాట రాదా? కావాలనే చేస్తుండు" అని విసుక్కుంటారు కూడా. ప్రియ పాఠకులారా, ఆయనకు మతి పోలేదు. కావాలని చేయడమూ లేదు.

మాటను కూర్చే కేంద్రం చాలామందిలో మెదడు ఎడమ భాగంలో ఉంటుంది. అక్కడికి రక్తం అందక ఆ భాగం దెబ్బతింటే, చెప్పదలచుకున్నది మనసులో ఉన్నా నోటికి రాదు. రాగాన్ని పట్టుకోవడంలో మాత్రం కుడి భాగానికి పెద్ద పాత్ర ఉంది. అందుకే మాటల దారి మూసుకుపోయినా, చిన్నప్పటి నుండి కంఠస్థమైన పాట దారి తెరిచి ఉండవచ్చు.

అమెరికాలోని బోస్టన్ నగర పరిశోధకులు 1973లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా వివరించారు. రోగి ఎడమ చేతిని పట్టుకొని ఒక్కొక్క అక్షరానికి మెల్లగా తడుతూ, "నీ-ళ్లు కా-వా-లి" వంటి చిన్న మాటను రాగం తీసి పాడిస్తారు. కొంతకాలానికి రాగం తగ్గిస్తూ మామూలు మాటగా మారుస్తారు. ఇది అందరికీ ఒకేలా పనిచేయదు. మాట అర్థమవుతూ, పలకడం మాత్రమే కష్టమైనవారికి ఎక్కువగా ఉపయోగపడుతుంది. వారాల తరబడి ఓపిక కావాలి.

ఎవరి పాట వారికి మందు

అయితే ఏ పాట పాడాలి? ఈ ప్రశ్న ఉత్తర తెలంగాణలో చిన్నది కాదు. ఒకే వార్డులో జగిత్యాల రైతు, ఉట్నూరు గోండు తాత, నిర్మల్ నుండి వచ్చిన ఉర్దూ మాట్లాడే అమ్మ పక్కపక్కన పడుకొని ఉండవచ్చు. ఒకరికి ఒగ్గు కథ, ఒకరికి గోండి పాట, ఒకరికి ఖవ్వాలీ, ఇంకొకరికి ఆరాధనలో పాడిన కీర్తన. ప్రపంచ సంగీతం అంటే దూరదేశాల పాటలే అనుకుంటాం. పక్క మంచం మీది మనిషి పాట కూడా మనకు కొత్త ప్రపంచమే గదా!

మన కొండల్లోని కిక్రినే తీసుకోండి. పాత ఆదిలాబాద్ జిల్లాలో రాజ్‌గోండుల వంశగాథలను తరతరాలుగా పాడుతున్నవారు పర్ధాన్లు. వారి చేతిలోని తీగల వాద్యమే కిక్రి. దానిని కమానుతో వాయిస్తారు. ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో 1909లో పుట్టిన హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940లలో మార్లవాయి గ్రామంలో ఉండి గోండుల జీవితాన్ని, వారి గాథలను శ్రద్ధగా రాసుకున్నాడు. గొప్ప సంగీతకారుల నగరం నుండి వచ్చినవాడు మన అడవి పాటల ముందు విద్యార్థిలా కూర్చున్నాడు. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు.

కమానుతో వాయించే వాద్యాలు మధ్య ఆసియాలో మొదలై అటు ఐరోపాకు, ఇటు మన వైపుకు వ్యాపించాయని సంగీత చరిత్రకారులు భావిస్తారు. అలా చూస్తే మన కిక్రికి, కచేరీలో వినిపించే వయొలిన్‌కు దూరపు చుట్టరికం ఉందన్నమాట. ఇటలీలో రూపుదిద్దుకున్న ఆ వయొలిన్‌ను మన కర్ణాటక సంగీతానికి అలవాటు చేసినవారిలో బాలుస్వామి దీక్షితులు మొదటివారని చెబుతారు.

మనం ఎంతో మనదనుకునే హార్మోనియం కథ కూడా ఇలాంటిదే. దాన్ని 1840లలో ప్యారిస్‌లో తయారు చేశారు. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చొని ఒక చేత్తో గాలి కొడుతూ వాయించేలా మార్చారు. ఇది పరాయి వాద్యమని, మన గమకాలు పలకదని ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దాన్ని పక్కన పెట్టింది. అయినా భజనల్లో, హరికథల్లో, ఆరాధనల్లో, నాటకాల్లో జనం దాన్ని వదల్లేదు. మనసుకు హాయినిచ్చిన వాద్యాన్ని జనం ఏ ఊరిదని అడగలేదు.

వైద్యులు ఏమంటున్నారు?

దావీదు సితారా వాయిస్తే సౌలు రాజుకు నెమ్మది కలిగిన సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా 1859లో వచ్చిన తన పుస్తకంలో దీని గురించి రాసింది. మనిషి గొంతు, ఊదే వాద్యాలు, తెగకుండా సాగే తీగల నాదం రోగులకు మేలు చేస్తాయని ఆమె గమనించింది.

ఇప్పుడు పరిశోధనలూ ఉన్నాయి. 2015లో లాన్సెట్ వైద్య పత్రిక 73 అధ్యయనాలను కలిపి చూసిన ఫలితాలను ప్రచురించింది. ఆపరేషన్ సమయంలో సంగీతం విన్నవారికి నొప్పి, ఆందోళన తగ్గాయి, నొప్పి మందుల అవసరం కూడా కొంత తగ్గింది. అయితే ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. అంటే సంగీతం మందుకు తోడు, మందుకు బదులు కాదు. బి.పి., షుగర్ మాత్రలు మానేసి పాటలు వింటే ప్రాణానికే ముప్పు.

ఇంట్లో మీరు చేయదగినవి

1. రోగికి ఇష్టమైన పాట ఏదో ముందే తెలుసుకోండి. పదిహేను ఇరవై ఏళ్ల వయసులో పాడుకున్న పాటలు పెద్దవారికి బాగా గుర్తుంటాయి. మీకు నచ్చినది కాదు, వారికి నచ్చినది పెట్టండి.

2. వినిపించడం కంటే కలిసి పాడడం మేలు. మొదటి రెండు మాటలు మీరు అందుకోండి. తర్వాత ఆగి, వారికి సమయమివ్వండి. తప్పు పోయినా దిద్దవద్దు, నవ్వవద్దు.

3. వణుకుడు జబ్బుతో అడుగు తడబడేవారికి, ఎవరైనా పక్కన పట్టుకొని ఉండగా, చప్పట్ల లయకు నడక అభ్యాసం చేయించవచ్చు. పద్ధతి ఫిజియోథెరపిస్టును అడిగి నేర్చుకోండి.

4. చాలాకాలంగా ఆయాసంతో బాధపడేవారికి నెమ్మదిగా పాడడం శ్వాసను అదుపులో పెట్టుకోవడానికి సాయపడవచ్చు. డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టండి. ఆయాసం పెరిగితే ఆపేయండి.

5. శబ్దం తక్కువగా ఉంచండి. పాట మోగుతుండగానే పక్కవారి మాట మామూలుగా వినబడాలి. వద్దని రోగి చేయి ఊపితే వెంటనే ఆపండి. వార్డులో పక్క మంచం వారినీ అడగండి.

అన్నిటికంటే ముఖ్యం ఒకటుంది. మూతి వంకర పోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పసర్లు, మంత్రాలంటూ తిరిగితే ఆ సమయం మళ్లీ రాదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. నాయిన పాట పాడితే మతి పోయిందని బెంగపడకండి. లోపల మనిషి ఉన్నాడు, మీతో మాట కలపడానికి దారి వెతుక్కుంటున్నాడు. మంచం పక్కన కూర్చొని ఆయన చేయి పట్టుకోండి, ఆ పాట మీరూ అందుకోండి. మీకు ఆ పాట రాకపోతే ఆయన దగ్గరే నేర్చుకోండి. నేర్పించే పని ఒకటి మిగిలి ఉందని తెలిస్తే, పడకలో ఉన్న మనిషికి అంతకంటే ధైర్యం ఏముంటుంది?