చిలికాలో నలబన దీవి: పక్షులను చూడాలంటే పడవ ఎక్కడ ఆగాలి?

బరంపురం దాటి భువనేశ్వర్ వైపు వెళ్ళే రైలెక్కిన తెలుగువాళ్ళకు ఓ అలవాటుంది. రంభ స్టేషను దగ్గర పడుతుండగానే పిల్లల్ని కుడివైపు కిటికీ దగ్గరికి పిలుస్తారు. "అదిగో చిల్కా" అంటారు. బాలుగావ్ దాటేదాకా నీళ్ళు, కొండలు, వలల కర్రలు మాటిమాటికీ కనిపించి మాయమవుతుంటాయి. ఆ తర్వాత అందరూ మళ్ళీ పులిహోర పొట్లాల్లో పడిపోతారు. ఒడిశాలో తరాలుగా ఉంటున్న మన కుటుంబాల్లో చాలామందికి చిలికాతో ఉన్న పరిచయం ఈ కిటికీ పరిచయమే.

చలికాలం సెలవుల్లో ఈసారి దిగి చూద్దాం అనుకునేవాళ్ళ కోసం ఈ వ్యాసం. పడవ ఎక్కడ ఎక్కాలో చెప్పడం సులువు. ఆ పడవ ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం.

సరస్సు కాదు, ఉప్పుకయ్య

చిలికాను సరస్సు అంటాం కానీ, నిజానికి అది సముద్రంతో కలిసి ఊపిరి పీల్చే ఉప్పుకయ్య. ఒకవైపు మహానది పాయల నుంచి మంచినీళ్ళు వస్తాయి. మరోవైపు మొగ గుండా బంగాళాఖాతం నీళ్ళు వస్తాయి. వానాకాలంలో దాదాపు 1,165 చదరపు కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది, ఎండాకాలానికి 900 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా తగ్గుతుంది. పూరి, ఖుర్దా, గంజాం జిల్లాలు మూడింటికీ ఇది ఒడ్డు. మన పులికాట్ కూడా ఇలాంటిదే, దేశంలో చిలికా తర్వాత అంత పెద్దది అదే.

నీళ్ళు ఇలా పెరగడం తగ్గడం వల్లే నలబన దీవి ఉంది. ఒడియాలో నల అంటే రెల్లు జాతి గడ్డి, బన అంటే వనం. సుమారు 15 చదరపు కిలోమీటర్ల ఈ దీవి వానాకాలంలో నీళ్ళలో మునిగిపోతుంది. వానలు తగ్గి నీటిమట్టం పడిపోతుంటే బురద మేటలు, గడ్డి దుబ్బులు మెల్లగా పైకి తేలతాయి. సరిగ్గా ఆ సమయానికే, అక్టోబరు నుంచి, పక్షులు దిగడం మొదలవుతుంది.

అంత దూరం నుంచి ఇక్కడికే ఎందుకు?

సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా, లడఖ్ ప్రాంతాల్లో చలికి నీళ్ళు గడ్డకడతాయి. తిండి దొరకదు. సూదితోక బాతులు మొదలుకొని రకరకాల బాతులు, తల మీద రెండు నల్ల చారలుండే పెద్ద బాతులు, ఉల్లంకి జాతి పిట్టలు దక్షిణానికి బయలుదేరతాయి. ఆ చారల బాతులైతే హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. ఫ్లెమింగోల్లో కొన్ని మాత్రం మన దేశంలోనివే, గుజరాత్‌లోని కచ్ రణ్‌లో గూళ్ళు పెట్టి తిండి కోసం ఊళ్ళు తిరుగుతాయి. ఇటీవలి జనవరి లెక్కింపుల్లో చిలికా మొత్తం మీద 11 లక్షలకు పైగా పక్షులు తేలాయి. వాటిలో 3 లక్షలకు మించి ఒక్క నలబనలోనే ఉన్నాయి.

ఇంత సరస్సులో ఆ ఒక్క దీవినే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు కాబట్టి నిలబడి మేయవచ్చు. బురదలో పురుగులు, నత్తలు, గడ్డి గింజలు, దుంపలు ఉంటాయి. చుట్టూ నీళ్ళుండటంతో నక్కలు, కుక్కలు రావడం కష్టం. అన్నిటికంటే ముఖ్యం, అది అభయారణ్యం కాబట్టి అక్కడ వలలు వేయకూడదు, మనుషుల సంచారం ఉండకూడదు.

పడవ దగ్గరికి వెళితే ఏమవుతుంది?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. "చూసి వస్తాం, ముట్టుకోం కదా" అనుకుంటారు. పక్షి వైపు నుంచి ఆలోచించండి.

మార్చి వచ్చేసరికి ఆ బాతు వేల కిలోమీటర్లు తిరిగి వెళ్ళాలి. దారి ఖర్చంతా ఒంట్లో కొవ్వుగా ఇక్కడే పోగేసుకోవాలి. బాతుల్లో చాలా రకాలు రాత్రిపూట మేసి, పగలు నీళ్ళ మీద గుంపుగా కునుకు తీస్తాయి. మనం వెళ్ళేది పగలు. ఇంజను చప్పుడుకి గుంపంతా ఒక్కసారి లేచిందంటే, కూడబెట్టుకున్న దాంట్లోంచి కొంత ఖర్చయినట్టే. ఒక్క పడవ వల్ల పెద్దగా ఏమీ కాదు. ఆదివారం నాడు ఇరవై పడవలు వచ్చి ఇరవైసార్లు లేపితే, ఆ రోజు దానికి మేతా లేదు, నిద్రా లేదు. లేచిన గుంపు బ్రహ్మాండంగా ఉందని మనం సెల్‌ఫోనులో వీడియో తీసుకుంటాం. ఆ వీడియో ఖర్చు పక్షి కడుతుంది.

మరి ఎంత దూరంలో ఆగాలి? కొలతతో పనిలేదు, పక్షులే చెబుతాయి. తలలు కిందికి పెట్టి మేస్తుంటే, లేదా ముక్కు రెక్కలో దూర్చి నిలబడి ఉంటే మనం ఉన్న దూరం సరైనదే. వరసలో కొన్ని తలలు ఎత్తి మన వైపు చూస్తున్నాయంటే అదే హద్దు, ఇంజను ఆపాలి. అరుస్తూ, అటు వైపు నడవడం మొదలుపెడితే హద్దు దాటేశాం, వెనక్కి రావాలి. ఎగిరాయంటే ఆలస్యమైపోయింది.

అక్కడి పడవల్లో చాలావరకు భుట్‌భుటిలు, అంటే డీజిలు ఇంజను పెట్టిన చెక్క పడవలు. పడవవాడు దగ్గరికి తీసుకెళ్ళేది సరదాకి కాదు. "ఇంత డబ్బిచ్చాం, ఏమీ కనబడలేదు" అని మనబోటివాళ్ళు గొణుగుతారని. అందుకే ఎక్కే ముందే చెప్పాలి: "భాయినా, దగ్గరికి వద్దు. దూరంగా ఆపినా మీ డబ్బులు మీకు ఇస్తాం." ఈ ఒక్క మాటతో అతని మీద ఉన్న ఒత్తిడి పోతుంది. గంజాం వైపు ఇదే మాట తెలుగులో చెప్పినా అర్థం చేసుకునేవాళ్ళు దొరుకుతారు.

డాల్ఫిన్ల విషయంలోనూ ఇదే సూత్రం. సాతపడా వైపు కనిపించే ఇరావడీ డాల్ఫినుకి ముక్కు పొడుగ్గా ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది. చిలికాలో ఇవి రెండు వందల లోపే ఉన్నాయి. మసక నీళ్ళలో ఇవి దారి, చేప వెతుక్కునేది శబ్దంతోనే. నాలుగు పడవలు చుట్టుముట్టి తరిమితే వాటికి కళ్ళకు గంతలు కట్టినట్టే. ఫ్యాను రెక్కలు తగిలి గాయపడే ప్రమాదమూ ఉంది. ఇంజను ఆపి పది నిమిషాలు ఊరుకుంటే, చాలాసార్లు అవే దగ్గర్లో తేలతాయి.

చేప బాగుంటేనే పక్షి

చిలికా ఒకసారి చావు దాకా వెళ్ళి వచ్చింది. మొగ పూడికతో మూసుకుపోతూ ఉప్పునీరు రావడం తగ్గింది. కలుపు మొక్కలు పరుచుకున్నాయి, చేపలు, రొయ్యలు పడిపోయాయి. 1981లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన చిలికా, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి చేరింది. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ సముద్రానికి కొత్త మొగ తవ్వింది. ఉప్పునీరు తిరిగి వచ్చింది, చేపలు పెరిగాయి. 2002లో ప్రమాద జాబితా నుంచి పేరు తీసేశారు.

ఇందులో మన భాగం కూడా ఉంది. సరస్సు మీద బతికే బెస్త కులాల్లో ఎక్కువమంది ఒడియా వాళ్ళే అయినా, సముద్రం వైపు తీరంలో తెలుగు మాట్లాడే నోలియాలున్నారు. పూరిలోని పెంటకట్ట, గోపాల్‌పూర్ తీరం ఇలా మనవాళ్ళ ఊళ్ళే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా రంభ ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కాబట్టి చిలికా మనకు చుట్టపుచూపు ఊరేమీ కాదు. నలబనలో వల వేయకుండా ఆగే ప్రతి బెస్త కుటుంబం ఆ పక్షుల కోసం కొంత వదులుకుంటోంది. ఒక్క రోజు వచ్చి పోయే మనం వంద గజాలు వదులుకోలేమా?

వదులుకున్నవాళ్ళు నష్టపోలేదనడానికి మంగళజోడి ఊరే సాక్ష్యం. చిలికా ఉత్తరపు ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మేవారు. తర్వాత ఊరివాళ్ళే కమిటీ కట్టి వేట ఆపారు. వేటకు వెళ్ళినవాళ్ళే ఇప్పుడు గైడ్లు. ఏ పిట్ట ఎక్కడ కూర్చుంటుందో వాళ్ళకంటే ఎవరికి తెలుసు? అక్కడ గెడకర్రతో నెట్టే పడవల్లో తిప్పుతారు. చప్పుడు లేకపోవడంతో పక్షులు బెదరవు, మనకు దగ్గరగానే కనిపిస్తాయి.

వెళ్ళేవాళ్ళకు

పక్షుల కోసమైతే డిసెంబరు, జనవరి నెలలు మేలు. పొద్దున్నే బయలుదేరండి, ఎండ పెరిగాక గాలి, అలలు ఎక్కువవుతాయి. నలబన, కాళిజాయి అమ్మవారి దీవి వైపు వెళ్ళేవాళ్ళు బాలుగావ్ దగ్గరి బర్కుల్ రేవులో ఎక్కాలి. డాల్ఫిన్ల కోసం పూరి వైపు నుంచి సాతపడా వెళ్ళాలి. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే రంభ వైపు చిన్న దీవులు, లేదా మంగళజోడి అనువుగా ఉంటాయి.

నలబన అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకూడదు, దీవి మీద దిగే ఆలోచన పెట్టుకోవద్దు. ఆ రోజు ఎక్కడి వరకు వెళ్ళనిస్తున్నారో రేవులోనే అడగండి. లైఫ్ జాకెట్ అందరికీ ఉంటేనే పడవ ఎక్కండి. బైనాక్యులర్ ఒకటి అరువైనా తెచ్చుకోండి, దాంతో దూరం సమస్యే ఉండదు. పొట్లాల కవర్లు నీళ్ళలో వేయకుండా సంచిలో వెనక్కి తీసుకురండి.

ఇక పిల్లలకు ముందే ఒక పని అప్పగించండి. ఎన్ని పక్షులు కనిపించాయో కాదు, మన పడవ వల్ల ఎన్ని ఎగిరాయో లెక్కపెట్టమనండి. ఒడ్డుకి వచ్చేసరికి ఆ లెక్క సున్నా అయితే, బాగా చూసి వచ్చినట్టు.