‘హెడ్డు’ బాగుంటేనే వేట!

విశాఖపట్నం: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం అమల్లో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే ఈ కాలమే బోట్లకు మరమ్మతుల కాలం కూడా. చెక్కకు, వలకు, రంగుకు పెట్టే ఖర్చు కంటికి కనిపిస్తుంది. ఇంజను నెత్తిన బిగించిన సిలిండరు హెడ్డు సంగతి మాత్రం చాలామందికి నడిసముద్రంలో అది పగిలినప్పుడే గుర్తుకొస్తుంది. అప్పుడిక బోటు గాలివాటుకు కొట్టుకుపోవాలి, లేదా మరో బోటు వచ్చి తాడు కట్టి లాగాలి. లాగడానికి వచ్చిన బోటుకూ ఆ రోజు వేట పోయినట్టే.

ఎందుకు పగులుతుంది?

సిలిండరుకు పైకప్పు వంటిది హెడ్డు. గాలి లోనికి వచ్చే దారి, పొగ బయటకు పోయే దారి, వాల్వులు, డీజిలు చిమ్మే ఇంజెక్టరు, చల్లబరిచే నీటి గదులు అన్నీ ఈ ఒక్క పోత ఇనుప దిమ్మెలోనే ఇమిడి ఉంటాయి. నిమిషానికి 1800 చుట్లు తిరిగే ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరు నిమిషానికి 900 సార్లు మండుతుంది. అంటే గంటకు 54 వేల సార్లు. ఒకవైపు మంట, రెండు అంగుళాలైనా దూరం లేకుండా మరోవైపు నీరు. రెండు వాల్వు సీట్ల మధ్య ఉండే సన్నని ఇనుప భాగమే ఎక్కువ వేడిని భరిస్తుంది. పగుళ్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

పైగా బోటు ఇంజను కష్టం వేరు. దిగుడులో లారీ ఇంజనుకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. బోటుకు ఎప్పుడూ ఎగుడే. పంకా వేగం పెరిగిన కొద్దీ దానికి కావలసిన శక్తి ఘనపు లెక్కన పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచాలంటే శక్తి సుమారు 33 శాతం ఎక్కువ కావాలి. ఈ లెక్క తెలియక ఫ్యూయల్ పంపు సీలు విప్పి డీజిలు ఎక్కువ పోయించుకునే వారున్నారు. డీజిలు పెరిగినా గాలి పెరగదు. మిగిలేది నల్లపొగ, ఎర్రగా కాలిన వాల్వులు, చివరకు పగిలిన హెడ్డు.

పోర్టింగ్ అందరికీ పనికిరాదు

అమెరికాలోని పందెపు బోట్లలో హెడ్డుకు ‘పోర్టింగ్’ చేయించడం పెద్ద వృత్తి. గాలి దారులను గ్రైండరుతో సానబట్టి, వంపులు సరిచేసి, ఫ్లో బెంచీపై ఎంత గాలి పోతున్నదో కొలుస్తారు. అక్కడివి ఎక్కువగా పెద్ద వీ-8 పెట్రోలు ఇంజన్లు. మెర్క్యురీ రేసింగ్ సంస్థ 2010లో తెచ్చిన 1350 అశ్వశక్తి ఇంజనుకైతే సిలిండరుకు నాలుగేసి వాల్వులు. అక్కడ కూడా దారిని ఎంత వెడల్పు చేస్తే అంత లాభమనుకోవడం పొరపాటే. రంధ్రం మరీ పెద్దదైతే తక్కువ చుట్ల వద్ద గాలి వేగం తగ్గి, బోటు నీటిపైకి లేవడానికి అవసరమైన బలమే పోతుంది. ఉప్పునీటిలో తిరిగే బోటుకు అల్యూమినియం హెడ్డు వేయాలా, పోత ఇనుపది వేయాలా అన్నది మరో చర్చ. అల్యూమినియం తేలిక, వేడిని త్వరగా వదులుతుంది. కానీ ఉప్పునీరు దానిని తినేస్తుంది. అందువల్ల సముద్రపు నీరు నేరుగా హెడ్డులోకి పోకుండా హీట్ ఎక్స్ఛేంజరు తప్పనిసరి.

మన వేటబోట్ల డీజిలు ఇంజన్ల కథ వేరు. వీటిలో చాలావాటి గాలి దారిని కావాలనే మెలి తిప్పి పోత పోస్తారు. గాలి సుడి తిరుగుతూ దిగితేనే డీజిలు దానిలో కలిసి పూర్తిగా మండుతుంది. ఆ మెలికను గ్రైండరుతో చెరిపితే డీజిలు ఖర్చు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. మసిని తుడవడం, గ్యాస్కెట్ అంచు దారికి అడ్డుపడకుండా చూడడం వరకే మేలు.

కొనే ముందు చూడవలసినవి

కొత్త హెడ్డయితే పార్టు నంబరు ఇంజను నంబరుకు సరిపోవాలి. చూపులకు ఒకేలా ఉన్నా నీటి రంధ్రాల వరుస మారిన హెడ్డును బిగిస్తే ఒక సిలిండరు వేడెక్కి తీరుతుంది. పాత హెడ్డు చవకే, అయితే పరీక్ష చేయించకుండా కొనడం జూదమే. నీటి దారులు మూసి, వేడినీటి తొట్టెలో ముంచి గాలి పట్టిస్తే పగులున్న చోట బుడగలు వస్తాయి. చన్నీటిలో ఈ పరీక్ష చేస్తే నమ్మలేం. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే పగుళ్లు వేడెక్కితేనే తెరుచుకుంటాయి. వాల్వు సీటు చుట్టూ ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే వెంట్రుకవాసి చీలిక కూడా ఎర్రగీతగా బయటపడుతుంది. పోర్టులో కిరోసిన్ పోసి వాల్వు పక్కనుంచి కారుతున్నదేమో చూడడానికి పైసా ఖర్చు లేదు.

స్కేలు, ఫీలర్ గేజీలతో అడుగు సమతలంగా ఉన్నదో లేదో కొలవాలి. ఎంత తేడా వరకు ఫరవాలేదన్నది తయారీదారు మాన్యువల్ చెబుతుంది. వంగిన హెడ్డును గ్రైండింగ్ చేయిస్తే మందం తగ్గుతుంది. ఇంజెక్టరు ముక్కు కిందికి పొడుచుకొస్తుంది, పిస్టను వాల్వును తాకే ప్రమాదమూ ఉంది. అందువల్ల ఇదివరకు ఎంత కోశారో తెలియని హెడ్డును మళ్లీ కోయించడం క్షేమం కాదు. పోత ఇనుమును ముందుగా వేడి చేయకుండా, నెమ్మదిగా చల్లారనివ్వకుండా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది.

బిగింపులోనే అసలు పని

మంచి హెడ్డును కూడా బిగింపు చెడగొడుతుంది. స్పానరుకు పైపు తొడిగి బలం కొద్దీ లాగే అలవాటు ఇంకా పోలేదు. బోల్టులను మధ్య నుంచి అంచులకు, మూడు నాలుగు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. పాత గ్యాస్కెట్‌ను మళ్లీ వాడరాదు.

ఇంజను బాగా వేడెక్కినప్పుడు చన్నీళ్లు కుమ్మరించడం హెడ్డు పగలడానికి దగ్గరి దారి. లోడు తగ్గించి, ఆపి, దానంతట అది చల్లారనివ్వాలి. బిగింపు పూర్తయ్యాక బోటును జెట్టీ వద్దే కట్టి కొన్ని గంటలు నడపడం మేలు. హెడర్ ట్యాంకు నీటిలో బుడగలు ఆగకుండా వస్తున్నా, డిప్‌స్టిక్కుపై ఆయిలు పాల రంగులో కనిపించినా ఆ బోటును వేటకు పంపకుండా హెడ్డు మళ్లీ విప్పించవలసిందే.