మోటారు సైకిలు: ఆధారము, ఆధేయము



తర్కము చదివిన వాడొకడు నేతిగిన్నె చేతబట్టుకొని పోవుచు, నేతికి గిన్నె యాధారమా, గిన్నెకు నేయి యాధారమా యని సందేహించి, గిన్నెను బోర్లించి నిశ్చయము తెలిసికొనెనను కథ మీరందరు వినినదే. అట్టి పరీక్ష నేడు మన వాకిళ్లలో జరుగుచున్నది. అయితే బోర్లపడునది నేతిగిన్నె కాదు, 110 కిలోలకు మించిన మోటారు సైకిలు. బుల్లెట్టు బండియైనచో 190 కిలోలకు పైమాటయే.

గౌతమీ వసిష్ఠల నడుమ మన బండ్లు కాలువగట్ల గుంతలలో కొబ్బరికాయల బస్తాలను మోయుచు తిరుగును. అమలాపురము, రాజోలు, కొత్తపేట, ఎచటనైనను ఇదియే వరుస. అంతర్వేది వైపు సముద్రపుగాలి యుప్పు బోల్టులను తుప్పు పట్టించును. కావున వెనుక చక్రమున కిరుప్రక్కల నుండు షాక్ అబ్జార్బర్లు త్వరగా చెడును. వానిని ఇంటియొద్దనే మార్చుకొనవచ్చును. అది దుస్సాధ్యము కాదు. కాని పనిముట్టుకంటె ముందు ఆధారమును విచారింపవలెను.

ముందుగా వాని పనితీరు చెప్పెదను. స్ప్రింగు గుంత దెబ్బను మ్రింగును. అది యొంటరిగా నున్నచో ఉయ్యాలవలె ఊగుచునే యుండును. లోపలి గొట్టమునందలి నూనె సన్నని రంధ్రముల గుండ మెల్లగా సాగుటచే ఆ యూపు అణగును. కాలువ లాకులలో తూములగుండ నీరు మెల్లగా జారుటచే పడవ కుదుపులేక దిగినట్లే యిదియును. ముందు ఫోర్కులలో ఇట్టి నూనె యేర్పాటును 1935లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన ఆర్ 12 బండికి అమర్చెను.

సీటును బలముగా నొక్కి విడిచి చూడుడు. బండి యొకసారి లేచి కుదురుకొన్నచో మేలు. మరల మరల ఊగినను, కడ్డీవెంట నూనె కారినను, మార్చవలసినదే. ఒక్కటియే చెడినను రెండును మార్చవలెను. లేనిచో ఇరుప్రక్కల బలము సమముగా నుండదు.

ఇక స్టాండుల మాట. సైడు స్టాండుపై బండి యొరిగియుండును. భారము చక్రములపైననే నిలుచును. అది యీ పనికి తగదు. సెంటరు స్టాండు బండి చట్రమును మోసి, వెనుక చక్రమును నేల నుండి లేపును. ఇదియే తగినది. పాడాక్ స్టాండు చూపునకు ఘనమైనదే గాని, అది పట్టునది చట్రమును గాదు, చక్రమును మోయు స్వింగ్ ఆర్మును. చట్రపు బరువు షాకు మీదుగానే దిగుచుండును. షాకు నూడదీసినంతనే చట్రము చక్రముపై కూలును. టైరు మార్చుటకు మంచిది, దీనికి గాదు. సీటు క్రింద ఒక్కటే షాకు గల బండికి చట్రమును మోయు గట్టి స్టాండు వేరుగా నుండవలెను.

ఇటుకలు, కొబ్బరిదుంగలు స్టాండులు కావు. మా వీధిలో నొక యువకుడు దుంగపై బండి నిలిపి బోల్టు బిగువు వదలించుచుండ, దుంగ దొర్లి బండి యతని పాదముపై బడినది. నెలలకొలది కర్ర సాయమున నడచెను.

విధానమును వినుడు. చదునైన గట్టినేలపై సెంటరు స్టాండు వేసి, ముందు చక్రము కదలకుండ చెక్క అడ్డుపెట్టి, వెనుక చక్రము క్రింద సరిపడు చెక్కపలక నుంచవలెను. తుప్పు వదలు నూనె పోసి కొంతసేపు నాననీయుడు. కొలతకు సరిపడు రింగు స్పానరుగాని సాకెట్టుగాని వాడుడు. వదులు స్పానరు నట్టు మూలలను అరగదీయును. వాషర్లను తీసిన వరుసలోనే గుడ్డపై పేర్చుకొనుడు. ఒకేసారి రెండు షాకులను తీయరాదు. ఒక ప్రక్కది తీసి, క్రొత్తది బిగించిన పిదపనే రెండవదాని జోలికి పోవలెను. ఏలయన, మిగిలినది చక్రమును స్థానమున నిలుపును. మొదట చేతితో బిగించి, తుదకు బండి పుస్తకములో చెప్పిన కొలతకు టార్కు రెంచితో బిగింపవలెను. స్ప్రింగు బిగువును సరిచేయు మెట్లు రెండు ప్రక్కల సమముగా నుండవలెను.

షాకునుండి స్ప్రింగును విడదీయుట ఇంట చేయదగదు. అణచియున్న స్ప్రింగు బాణమువలె దూసికొనివచ్చును. పాతదానిని కోయుటయు, కాల్చుటయు కూడదు. కొన్నిటిలో వాయువు ఒత్తిడితో నుండును. ముందు ఫోర్కులను విప్పుటకూడ నేర్పరికే విడువుడు.

పెద్దలారా! మనుమడు స్పానరు పట్టకమునుపే మీరు దగ్గర నిలిచి, "అబ్బాయీ, దీని భారము దేనిపై నున్నది?" యని యడుగుడు. అతడు వ్రేలితో చూపిన పిదప, బండిని మెల్లగా కదపి చూడుమనుడు. ఊగినచో పని యాపించుడు. పని ముగిసినపిదప బరువు లేకుండ కొంతదూరము నడిపించి, బోల్టులు మరల పరీక్షింపజేసి, ఆ తరువాతనే కొబ్బరి బస్తా నెక్కింపనిండు.