పసిబిడ్డ డొక్కలెగరేస్తే...

బిడ్డ ఏడిస్తే తల్లి బెంగపడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడవకపోతే యింటిల్లిపాదీ బెంగపడతారు. మా మేనకోడలి కూతురు పుట్టగానే బాగానే ఏడ్చింది. హమ్మయ్య అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఊపిరి పీల్చుకోవడం ఆ బిడ్డకే చేతకాలేదు.

మేనకోడలి అత్తవారిది జడ్చర్ల. తొలికాన్పు కనుక పురిటికి నల్లగొండలో పుట్టింటికి వచ్చింది. యింకా అయిదు వారాలు గడువుండగానే ఆపరేషను చేయవలసి వచ్చింది. గంట తిరగకముందే బిడ్డ ముక్కుపుటాలు అదిరాయి. సన్నని మూలుగు మొదలైంది. డొక్కలెగరేస్తున్నది. పసికందులు నిమిషానికి 40 నుంచి 60 సార్లు శ్వాస తీయడం మామూలే. నర్సు లెక్కపెడితే 80 దాటింది.

మా అక్క డాక్టరమ్మ చేతులు పట్టుకున్నది. "పట్నం తీస్కపొమ్మంటరా అమ్మా?"

పట్నమంటే హైదరాబాదు, నూరు కిలోమీటర్ల దారి. ఆయాసపడుతున్న పసిగుడ్డుకు ఆ ప్రయాణమే ఒక గండం.

"తొందరపడకండమ్మా, ముందు లోపలేముందో చూద్దాం" అని ఆమె ఒక చిన్న యంత్రాన్ని తోసుకొచ్చింది. చూస్తే అది గర్భిణీలకు చేసే స్కానింగు యంత్రమే! మా అక్క తెల్లబోయింది. "పుట్టినంక గూడ దీంతోని ఏం జూస్తరు?"

చాలాకాలం డాక్టర్లు కూడా యిదే ప్రశ్న వేసేవారు. చెవికి వినపడని ధ్వనితరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనులను బొమ్మగా మార్చేదే అల్ట్రాసౌండు. గాలి ఆ తరంగాలకు అడ్డుగోడ. ఊపిరితిత్తులేమో గాలితిత్తులాయె! అక్కడ దీనికి పనిలేదనుకున్నారు. ఫ్రాన్సులో డేనియల్ లిక్టెన్‌స్టైన్ అనే వైద్యుడు 1990ల నుంచి ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేశాడు. గాలికి తగిలి వచ్చే గీతలకూ అర్థం వున్నదని చూపాడు. యిటలీ వైద్యులు కొపెట్టి, కట్టరోస్సి 2007, 2008లలో నవజాత శిశువుల గురించి వివరంగా వ్రాశారు.

డాక్టరమ్మ నాకు తెర చూపించి బోధపరచింది. ఆరోగ్యంగా వున్న ఊపిరితిత్తిలో పిల్లల కాపీ పుస్తకంలోలాగ అడ్డగీతలు కనబడతాయి. దాని పైపొర శ్వాసతోపాటు అటూ యిటూ జారుతుంది. లోపల తడి వుంటే చూరునుంచి కారే వానధారల్లాగ నిలువుగీతలు దిగుతాయి. మరీ ఎక్కువైతే సున్నం కొట్టిన గోడలాగ అంతా తెలుపే. గాలి బయటికి చేరి ఊపిరితిత్తిని నొక్కుతుంటే ఆ చోట పైపొర జారడం కనిపించదు.

యీ తేడాలు తెలియడం ఎందుకంటారా? పైకి అందరు పిల్లలూ ఒకేలా డొక్కలెగరేస్తారు. కారణాలు వేరు, చికిత్స వేరు. తల్లి కడుపులో వుండగా ఊపిరితిత్తుల నిండా నీరే. నొప్పులు వచ్చి కాన్పయ్యేటప్పుడు అది చాలావరకు యింకిపోతుంది. నొప్పులు రాకుండా ఆపరేషను జరిగితే కొంత మిగిలిపోవచ్చు. అది సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

రెండోది అలా కాదు. గాలితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్‌ఫాక్టెంటు అనే పదార్థం నెలతక్కువ పిల్లల్లో చాలకపోవచ్చు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు 1963 ఆగస్టు 7న అయిదున్నర వారాల ముందుగా పుట్టి, యీ జబ్బుతోనే రెండోనాడు పోయాడు. జబ్బుకు మూలం యీ లోటేనని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లోనే కనిపెట్టారు. మందు మాత్రం అప్పటికి లేదు. 1980లో జపానులో ఫుజివారా ఆవు ఊపిరితిత్తులనుంచి తీసిన పదార్థంతో పదిమంది శిశువులకు చికిత్స చేసి దారి చూపాడు. యిప్పుడు ఆ మందు వున్నది. ఖరీదైనది, అవసరమైన బిడ్డకు తొలి గంటల్లోనే పడాలి, గొంతులోకి గొట్టం వేసి పోయాలి. అక్కరలేని బిడ్డకు ఆ బాధ ఎందుకు?

ఎక్స్‌రే వుండనే వున్నది. అయితే దానికి కిరణాల బెడద, బిడ్డను కదపడం తప్పవు. యిక్కడ తొట్టిలోనే వెచ్చని జెల్లీ రాసి, ప్రోబు ఆనించి, కొద్ది నిమిషాల్లో ముగించారు. కావాలంటే గంటకోసారి చూడవచ్చు. యంత్రం గీతలు చూపుతుందే గాని జబ్బు పేరు చెప్పదు. చదవడం నేర్చిన కళ్లు కావాలి.

మా బిడ్డకు ఛాతీ పైభాగంలో గీతలు పలచన, కింద చిక్కన. మధ్య పొలంగట్టులాగ హద్దు. "తడి ఊపిరితిత్తులండీ. పట్నం అక్కరలేదు" అన్నది డాక్టరమ్మ. ముక్కుకు సన్నని గొట్టాలు అమర్చి, ఎడతెగని గాలివత్తిడి యిచ్చారు. మా అక్క రెండు రాత్రులు సీసా నీళ్లలో బుడగలు చూస్తూ కూర్చున్నది. మూడోనాడు బుడగలు ఆపారు. బిడ్డ తల్లిపాలు అందుకున్నది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు ప్రత్యేక విభాగాలున్నాయి. బిడ్డ మూలిగినా, డొక్కలెగరేసినా, పెదవులు నీలిరంగు తిరిగినా యింటివైద్యంతో పొద్దు గడపవద్దు.

ఆడా మగా అని చెప్పకూడదంటూ 1994లో చట్టం చేసి కట్టడి చేయవలసి వచ్చిన యంత్రమిది. అదే యంత్రం మా ఆడపిల్ల ఊపిరి సంగతి చెప్పింది. యింటికి బయలుదేరేముందు మా అక్క దాని మీద చెయ్యి వేసి, "సల్లగుండు తల్లీ" అన్నది. బిడ్డనో, యంత్రాన్నో నేనడగలేదు.