రొదలో రెండు గొంతులు

“హే వాట్” అనే గీతసంపుటిని మొదటిసారి పెట్టుకొన్నవారు తమ యంత్రం చెడిపోయినదేమోనని అనుమానించి స్పీకరు తీగలు సరిచూచుకొంటే వారిని తప్పుపట్టడానికి వీలులేదు. మొదటి పాట “వైట్ హార్సెస్” ప్రారంభంలో మ్రోగేది గిటారే. కాని అది గిటారని పోల్చుకోవడం కష్టం. వదులైన విద్యుత్తీగ తగిలీ తగలనట్లు ఒక మోటు రొద ముక్కలు ముక్కలుగా వచ్చి, తెగి, మళ్ళీ వస్తుంది. అంతలో, ఏ హెచ్చరికా లేకుండా, రెండు గొంతులు లేస్తాయి. ఒకటి పురుషునిది, ఒకటి స్త్రీది. ప్రార్థనామందిరంలో నిలబడి పాడేవారి నిబ్బరం ఆ గొంతులలో ఉన్నది. చుట్టూ ఇల్లు కూలుతున్నా వారికి తొందరలేదు. గొంతులు తప్పుకొన్న తరువాత కూడా ఆ రొద ఊరకుండదు. ఒకే దెబ్బగా, ఒకే నడకగా మారి, చాలసేపు అలాగే కొట్టుకొని, చివరకు రెండవ పాటకు తాళమై నిలుస్తుంది. చెడిపోయిన యంత్రమనుకొన్నది ఆదినుంచీ లయ తప్పలేదని వినేవానికి అప్పుడుగాని తెలియదు.

ఈ సంపుటిని 2021 సెప్టెంబరు 10వ తేదీన అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన సబ్ పాప్ సంస్థ వెలువరించినది. పాడినవారు “లో” అనే పేరుగల బృందం. బృందమంటే అప్పటికి మిగిలినది ఇద్దరే: ఆలన్ స్పార్‌హాక్, ఆయన భార్య మిమి పార్కర్. వారి సంపుటులలో ఇది పదమూడవది, చివరిది కూడా. దీనిని ఇండీ రాక్ అనే తరగతిలో చేర్చడం వాడుక. పెద్ద కంపెనీల అదుపులో లేని చిన్న సంస్థలద్వారా వెలువడే రాక్ సంగీతానికి మొదట ఆ పేరు పెట్టినారు. క్రమంగా అది ఒక అభిరుచికి, ఒక మొండితనానికి పేరయినది. పేరు మాత్రమే మిగిలి మొండితనం ఆవిరైపోయిన రికార్డులు ఈనాడు కొల్లలు. ఇరవై ఎనిమిదేండ్లు కలిసి పాడిన దంపతులు, తమకు పేరు తెచ్చిన పద్ధతినే తలక్రిందులు చేసి చూడడం అటువంటి రికార్డులలో కనిపించే సంగతి కాదు.

ఆ పద్ధతి ఏమిటో తెలియనిదే ఈ సాహసం అర్థం కాదు. మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు పడమటి కొసన, డలూత్ అనే రేవుపట్టణమున్నది. ఇనుపఖనిజం ఓడలకెక్కే ఊరు. శీతకాలంలో రేవు గడ్డకట్టే ఊరు. ఆలన్, మిమి అదే రాష్ట్రంలోని ఒక పల్లెటూళ్ళో చిన్ననాటినుంచి ఒకరినొకరు ఎరిగినవారు. 1993లో వారు బృందాన్ని స్థాపించేనాటికి అమెరికాలో రాక్ అంటే గర్జనమే. వీరు సరిగా దానికి ఎదురు నడిచినారు. ఆలన్ చేత గిటారు. బేస్ గిటారుకు మరొకరు. మిమి నిలబడి, ఒకటి రెండు డోళ్ళు, ఒక కంచు పళ్ళెం, అవికూడా తరచు కర్రలతో గాక తీగల కుచ్చులవంటి బ్రష్షులతో తాకుతూ పాడేవారు. రెండు దెబ్బల నడుమ శ్రోతకు తన ఊపిరి తనకు వినిపించేటంత విలంబంగా పాట నడిచేది. క్లబ్బులలో జనం కబుర్లలోపడి వినకపోతే, ఇతరులవలె ధ్వని పెంచక ఇంకా తగ్గించేవారని ప్రతీతి. విమర్శకులు దీనికి “స్లోకోర్” అని ఒక పేరు తగిలించినారు. పేర్లు పెట్టడం విమర్శకుల పని. దానిని మోయడం మాత్రం కళాకారుల పాలబడుతుంది.

1994లో వచ్చిన “ఐ కుడ్ లివ్ ఇన్ హోప్” మొదలుకొని ఇరవై ఏండ్ల పాటు ఈ నిగ్రహమే, కొంచెం హెచ్చుతగ్గులతో, వారికి ఆస్తి. 2010లో రాబర్ట్ ప్లాంట్ అంతటి ప్రఖ్యాత గాయకుడు వారి పాటలు రెండింటిని తన సంపుటిలో పాడినాడు. అయినా వారిలో పేరుకు లొంగని గుణమొకటి దాగియున్నదని 2013 జూన్‌లో మినియాపొలిస్ నగరంలో బయటపడినది. వేలమంది కూడిన ఆరుబయటి సంగీతోత్సవంలో తమకిచ్చిన కాలమంతా, ఇరవై ఏడు నిమిషాలు, వారు ఒకే పాటను ఒకే శ్రుతినాదంగా సాగదీసి వాయించి, దిగిపోయినారు. దిగేముందు ఆలన్ మూడే మాటలన్నాడు. ఆంగ్లంలో ఎడతెగని శ్రుతినాదానికీ, మనిషి లేకుండా ఎగిరి బాంబులు వేసే విమానానికీ ఒకటే పేరు. మొదటిది చాలు, రెండవది వద్దని ఆ మూడు మాటల శ్లేష. ఉత్సవానికి వచ్చినవారు రెండు పక్షాలైనారు. డబ్బిచ్చి కొనుక్కొన్న టిక్కెట్టుకు ఇదా ఫలమని కొందరు, తమ జన్మలో ఇటువంటిది వినలేదని కొందరు.

శబ్దశిల్పి బి.జె. బర్టన్‌తో కలిసి పనిచేయడం 2015 నాటి “వన్స్ అండ్ సిక్సెస్”తో ఆరంభమైనది. 2018లో వచ్చిన “డబుల్ నెగటివ్”లో దాని పర్యవసానం పూర్తిగా కనబడినది. అక్కడ ఉపయోగించిన ఉపాయమొకటి వివరించవలసి ఉన్నది. రేడియోలో ప్రకటన చదివేవారు నోరు విప్పగానే వెనుకనున్న సంగీతం అణగి, వారు ఆగగానే మళ్ళీ లేవడం అందరూ విన్నదే. ఒక ధ్వని బలాన్నిబట్టి మరొక ధ్వని తనంతట తాను తగ్గేటట్లు యంత్రాన్ని అమర్చడంవల్ల అది సాధ్యమవుతుంది. మాట స్పష్టంగా వినబడడానికి పుట్టిన ఈ ఏర్పాటును వీరు మాట మునిగిపోవడానికి వాడినారు. ఒక దెబ్బ పడినప్పుడల్లా పాట అంతా నీటిలో మునిగి, దెబ్బ దాటగానే పైకి తేలి ఊపిరి పీల్చుకొంటుంది. వినేవాడు గాయకుని గొంతుకోసం చెవి చాచి, దొరికినంత పట్టుకొని, మళ్ళీ పోగొట్టుకొంటాడు. ఆ సంపుటి గొప్పదే. కాని అందులో రొద గెలుస్తూ, మనిషి ఓడుతూ ఉంటాడు.

“హే వాట్” విశేషమంతా ఈ పందెం తారుమారు కావడంలో ఉన్నది. రొద తగ్గలేదు, కొన్ని చోట్ల ఇంకా పెరిగినది. కాని గొంతులు ఈసారి మునగవు. బేస్ గిటారు వాయించేవారు వెళ్ళిపోయినారు. డోలు దాదాపు మూగబోయినది. వాటి పనులన్నీ రొదకే అప్పగించినారు. తాళమూ అదే, శ్రుతీ అదే, ఒక్కొక్కప్పుడు గాలివానా అదే. నిశ్చలంగా నడుమ నిలిచేవి రెండు గొంతులు మాత్రమే. జాగ్రత్తగా వింటే ఇది 1994 నాటి పద్ధతికి వ్యతిరేకం కాదని తోస్తుంది. ఆనాడు గొంతుల చుట్టూ నిశ్శబ్దముండేది; ఈనాడు ఆ నిశ్శబ్దమున్న చోట రొద కూర్చున్నది. గొంతుల స్థానం అంగుళమైనా కదలలేదు.

ఇద్దరు కలిసి పాడినప్పుడు ఒకే స్వరంపై ఒదిగి ఒకే గొంతనిపించడం మన సంగీతంలో ప్రశంసాపాత్రం. వీరిది వేరు సంప్రదాయం. ఒకరు షడ్జమంపై నిలిస్తే మరొకరు గాంధారంపై నిలుస్తారు. ఒకరు కదిలితే రెండవవారు ఆ దూరాన్ని కాపాడుకొంటూ కదులుతారు. చర్చి కీర్తనలు పాడేవారి అలవాటిది. ఈ దంపతులు మోర్మన్ సంప్రదాయంలోని భక్తులు. ఆ కీర్తనల ఊపిరి వారి పాటలో ఆద్యంతమూ ఉన్నది. ఎంత దగ్గరగా నడిచినా ఎన్నడూ ఒకటై కలిసిపోని ఆ రెండు స్వరాల నడుమనున్న ఎడమే ఈ సంపుటిలో అన్నిటికన్న మానవసహజమైన వస్తువు. రొద ఎంత హెచ్చినా ఆ ఎడం చెదరకపోవడం వినవలసిన సంగతి.

“డేస్ లైక్ దీజ్” అనే పాటలో దీని రహస్యం చేతికందుతుంది. మొదటి చరణం దాదాపు వట్టి గొంతులతోనే సాగుతుంది. ఆదివారంనాడు ఏ పల్లెచర్చిలోనైనా పాడదగినంత తేటగా ఉంటుంది. అదే బాణీ రెండవసారి వచ్చేటప్పటికి ధ్వని ఒక్కసారిగా పగులుతుంది. వెనుక వాద్యం పగిలితే ఆశ్చర్యంలేదు. ఇక్కడ గొంతులే పగులుతాయి, స్పీకరు గుడ్డ చినిగినట్లు. బాణీ మాత్రం అదే, నిబ్బరమూ అదే. విన్నవారు మొదట ఉలిక్కిపడి, తరువాత ఒక వింత గమనిస్తారు: పగిలిన గొంతులోని పాటను మనస్సు తానే సరిచేసుకొని, మొదటి చరణంలో విన్న తేటదనాన్ని దానిపై పరచుకొంటూ వింటున్నది. అందుకే ఆ మొదటి చరణమంత శుభ్రంగా ఉండవలసివచ్చినది. తరువాత పాట ముగియదు, కరుగుతుంది. ఐదు నిమిషాలకు పైబడిన దాని నిడివిలో ఉత్తరభాగమంతా మెత్తని అలలు, వాటిపై మాటిమాటికీ తిరిగివచ్చే చిన్న పలుకు మాత్రమే.

“హే” అనే పాట ఏడు నిమిషాలు దాటుతుంది. మిమి గొంతు మెల్లగా అందుకొన్న పిలుపు క్రమంగా మాటలను విడిచి, పొగమంచువలె పరుచుకొంటుంది. ఓపికలేనివారికి ఇది పరీక్ష. ఓపిక ఉన్నవారికి సంపుటిలో అతి సుందరమైన ఘట్టం. “డోంట్ వాక్ అవే” చిరకాలం ఒకే కప్పు క్రింద బ్రతికిన దంపతుల పాట. దానికి వ్యాఖ్యానం అక్కరలేదు. “మోర్” చిన్నది, కరకుది. ఆ కరకుదనం నడుమ మిమి గొంతు కోపంతో గాక హక్కుతో పలకడం విశేషం. నడుమ వచ్చే “దేర్స్ ఎ కామా ఆఫ్టర్ స్టిల్” అనే తునక పేరులోని చమత్కారం పాటలో లేదు. దానిని దాటిపోయినా పెద్ద నష్టంలేదు. చివరి పాటలో మాత్రం, ఇంతసేపూ అణచిపెట్టిన డోలును తలపించే నిండు దెబ్బ ఉత్తరార్ధంలో వచ్చేటప్పటికి, అంతటి సామాన్యమైన వస్తువుకోసం తాను ఎంత ఆకలిగొని ఉన్నాడో శ్రోతకు తెలుస్తుంది.

ఇది సంగీతమా అని అడిగేవారు లేకపోలేదు. వారి ప్రశ్న తీసివేయదగినది కాదు. రొదను అడ్డుపెట్టుకొని చేతకానితనాన్ని కప్పిపుచ్చుకొనే రికార్డులు పుట్టలు పుట్టలుగా వస్తున్నవి. కప్పిపుచ్చేది ఏమున్నదని వెదకడమే దానికి పరీక్ష. ఇక్కడ రొదను తీసివేస్తే మిగిలేవి చక్కని కీర్తనలు. వాటిని గిటారుతో ఒక గదిలో కూర్చుండి పాడినా నిలుస్తాయి. వినికిడికి చెడిపోయినట్లు తోచే ఈ రికార్డే 2022 నాటి గ్రామీ బహుమతులలో శాస్త్రీయేతర విభాగపు ఉత్తమ శబ్దనిర్మాణానికి పరిశీలనలో నిలిచినది. బహుమతి టోనీ బెన్నెట్, లేడీ గాగా కలిసి పాడిన పాతబాణీల సంపుటికి పోయినది. అందులోనూ అన్యాయం లేదు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. చేతిలోని ఫోనుకుండే చిన్న స్పీకరు మంద్రధ్వనులను పలికించలేదు; దానిలో ఈ రికార్డు వింటే అస్థిపంజరం తప్ప శరీరం దొరకదు.

మిమి పార్కర్‌కు అండాశయపు కాన్సరు ఉన్నట్లు 2020 డిసెంబరులో తెలిసినది. 2022 నవంబరు 5వ తేదీన, యాభై ఐదవ ఏట, ఆమె కన్నుమూసినారు. అప్పటినుంచి “హే వాట్”ను వినేవారికి ప్రతి పాటలోను మృత్యువు అడుగుల చప్పుడు వినిపించడం సహజం. కాని పాటలన్నీ వ్యాధినుంచే పుట్టినవని తీర్మానించడం తొందరపాటు; అది ఆమె నైపుణ్యాన్ని ఆమె దురదృష్టానికి జమకట్టడమవుతుంది. రొద నడుమ ఆ గొంతు అంత స్థిరంగా నిలిచినదంటే, క్లబ్బులలో కబుర్ల నడుమ మూడు దశాబ్దాలు నెమ్మదిగా పాడిన సాధన దాని వెనుక ఉన్నది.

ఆమె పోవడంతో బృందమూ ముగిసినది. రెండేండ్లకు, 2024 సెప్టెంబరులో, ఆలన్ “వైట్ రోజెస్, మై గాడ్” అనే సంపుటి వెలువరించినాడు. అందులో గిటారుకు బదులు యంత్రతాళాలు. ఆయన గొంతును స్థాయి మార్చే పరికరంలో పెట్టి పలికించడంవల్ల అది ఆయనదని గుర్తుపట్టడం దుర్లభం. ముప్పై ఏండ్లు మరొక గొంతు పక్కన పాడిన గొంతు ఒంటరిగా వినబడడానికి ఇష్టపడలేదేమోనని అనిపిస్తుంది. మరుసటి ఏడు, 2025 మే నెలలో, డలూత్‌కే చెందిన మిత్రబృందం ట్రాంపుల్డ్ బై టర్టిల్స్ వారి ఫిడేళ్ళు, మాండొలినుల తోడుతో ఇంకొక సంపుటి వచ్చినది. మొదటిదానిలోని పాటలు రెండు, “గెట్ స్టిల్”, “హెవెన్”, ఇందులో మళ్ళీ ఉన్నవి. రెండు సంపుటులనూ ప్రక్క ప్రక్కన పెట్టుకొని వినడం మంచిది. ఒకదానిలో పరికరం వెనుక దాగిన గొంతు మరొకదానిలో ముసుగు లేకుండా, వయస్సు తెలిసేటట్లు పలుకుతుంది. “నాట్ బ్రోకెన్” అనే పాటలో ఆ గొంతుకు తోడుగా, ఒకప్పుడు మిమి నిలిచిన చోట నిలిచి, వారి కుమార్తె పాడినది.