అమ్మలేం... పారేయలేం!

విశాఖపట్నం వన్‌టౌన్‌లోని కురుపాం మార్కెట్ పేరు చెబితే చాలు, ఊళ్లోవాళ్లకి బంగారం దుకాణాలే గుర్తొస్తాయి. పెళ్లిళ్ల రోజుల్లో కొత్త నగలు కొనేవాళ్లతో పాటు పాతవి మార్చుకునేవాళ్లూ ఎక్కువే. రుమాల్లో చుట్టి తెచ్చిన నానమ్మ గొలుసు గాజుబల్ల మీదకి వస్తుంది. షాపాయన గీటురాయి మీద రుద్దుతాడు, కాటాలో వేస్తాడు. రాళ్ల బరువు తీసేస్తాడు, గుండ్లలోని లక్క తీసేస్తాడు. పాత పనితనం కాబట్టి టంకం ఎక్కువుందంటాడు. లెక్కంతా చెప్పి చివర్లో మామూలుగా అడుగుతాడు... 'కరిగించేద్దామా అమ్మా?' అని. అంతవరకూ మజూరీ దగ్గర గట్టిగా బేరమాడిన ఇల్లాలు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది!

కరిగిస్తే బంగారం ఎక్కడికీ పోదు. గొలుసు కాస్తా గాజులై అదే ఇంటికి తిరిగొస్తుంది. అయినా మనసొప్పదు. పండక్కి నానమ్మ మెళ్లో చూసిన ఆ అల్లిక మళ్లీ కనిపించదు కదా! షాపాయన చెప్పిన ధర తక్కువగా అనిపించడానికీ కారణం అదే. ఆయన లోహానికి విలువ కట్టాడు. నానమ్మకి కట్టలేదు.

ఇదేదో మన ఆడవాళ్ల చాదస్తం అనుకుంటే పొరపాటే. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆర్థిక నిపుణుడు రిచర్డ్ థేలర్ మరో సహచరుడితో కలిసి 1990లో ఓ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరు విద్యార్థులకి కాఫీ కప్పులు ఉచితంగా ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. సుమారు 7 డాలర్లన్నారు. కప్పులు రానివాళ్లని ఎంతకి కొంటారని అడిగితే 3 డాలర్లు కూడా పలకలేదు. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు, అప్పుడే దాని విలువ రెట్టింపు దాటిపోయింది! మరి నలభై ఏళ్లు వాడిన వస్తువు సంగతేమిటి?

అటక మీది లోకం

వన్‌టౌన్ పాత ఇళ్ల అటకలెక్కితే ఈ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ట్రంకు పెట్టెలు, ఇత్తడి గంగాళాలు, మరచెంబులు, పలకని రేడియో, విరిగిన ఉయ్యాల బల్ల. పుట్టింటివాళ్లు సారెలో పెట్టిన బిందెనైతే అమ్మాలన్న ఊహే రాదు. ఇక స్టీలు గిన్నెల అంచుల మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లుంటాయి. ఫలానా పెళ్లికి ఫలానా పిన్ని ఇచ్చిందని, తేదీతో సహా. పాత సామాను కొనేవాళ్లకి వీటితో పనిలేదు. పేరున్న గిన్నెకీ పేరు లేని గిన్నెకీ కిలో ధర ఒకటే.

ఇల్లు మారేటప్పుడు చూడాలి అసలు తంటా. పెంకుటింటి నుంచి మధురవాడలోనో ఎంవీపీ కాలనీలోనో ఫ్లాటుకి వెళ్లాలి. రోలు, తిరగలి లిఫ్టులో ఎక్కించడం దేనికంటారు పిల్లలు. నిజం చెప్పాలంటే వాళ్ల మాటలోనూ న్యాయముంది. వాడని వస్తువుకి చోటెక్కడ? కానీ 'ఈ చెత్తంతా ఎందుకమ్మా' అన్నప్పుడు ఆ తల్లికి వినపడేది గంగాళం గురించి కాదు. తన కాపురం గురించి! అందుకే సామాను దగ్గర మొదలైన మాట అలకల దాకా వెళుతుంది. పొలం పంచుకునేటప్పుడు రాని తగువు అమ్మ పూజగదిలోని కుంది దగ్గర వచ్చే ఇళ్లూ ఉన్నాయి.

ఓడలకీ తప్పలేదు

ఈ బెంగ మనుషులకే కాదు, ఊళ్లకీ ఉంటుంది. వన్‌టౌన్ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని కోస్టల్ బ్యాటరీ దాటితే ఆర్కే బీచ్. అక్కడ ఇసుక మీద నిలబడి ఉంది ఐఎన్ఎస్ కురుసుర. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకుంది. 91 మీటర్ల పొడవున్న దాన్ని ముక్కలు చేయకుండా ఒడ్డుకి లాక్కొచ్చి 2002లో మ్యూజియం చేశారు. లోపల ఇరుకు పడకలు, వాల్వులు చూపిస్తూ వివరించే పనికి నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లనే పెట్టారు. ఓ ఇంటి వస్తువు గురించి ఆ ఇంటి పెద్దలే చెబుతున్నట్టుంటుంది.

విక్రాంత్‌కి ఆ అదృష్టం లేకపోయింది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పోరాడిన ఆ విమానవాహక నౌక 1997లో విధుల నుంచి తప్పుకుంది. ముంబయిలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉంది. కాపాడమని కొందరు కోర్టుకి వెళ్లినా ఫలితం లేక, 2014లో తుక్కు కింద వెళ్లిపోయింది. అయితే ఆ ఉక్కులో కొంత కొని 2016లో బజాజ్ కంపెనీ 'వి' మోటారు సైకిళ్లలో వాడింది. పెట్రోలు ట్యాంకులో విక్రాంత్ ఉందని చెప్పుకుంటూ బండి నడిపినవాళ్లున్నారు. కరిగినా వదల్లేదన్నమాట!

దాచుకోవడంలోనూ ఓ హద్దుంది. పడుకోవడానికి మంచం, వండుకోవడానికి వంటిల్లు మిగలనంతగా సామాను పేరుకుపోయి, పాత పేపరు ముక్క తీసినా మనిషి అల్లాడిపోతుంటే అది మమకారం కాదు. దాన్ని విడిగా ఓ మానసిక సమస్యగా అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన జాబితాలో చేర్చింది. అలాంటివాళ్ల సామాను చాటుగా పారేస్తే బాధ పెరుగుతుందే తప్ప సమస్య తీరదు. వైద్యుణ్ని కలవాల్సిందే.

మిగతావాళ్లకి ఓ చిన్న ఉపాయం ఉంది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ హాస్టళ్లలో పాత వస్తువులు దానమివ్వమని విద్యార్థులని అడిగారు. కొన్ని హాస్టళ్లలో మాత్రం 'ముందు ఫొటో తీసుకోండి, తర్వాత ఇవ్వండి' అన్నారు. ఫొటో మాట చెప్పని చోట 533 వస్తువులు వస్తే, చెప్పిన చోట 613 వచ్చాయి. 2017లో వెలువడిన అధ్యయనమిది. జ్ఞాపకం తమ దగ్గరే ఉంటుందన్న ధైర్యం వస్తే చెయ్యి కాస్త వదులవుతుంది.

ఇప్పుడు ఫోన్లో కెమెరా లేని ఇల్లు అరుదు. గంగాళం సాగనంపేముందు ఓ ఫొటో తీయొచ్చు. గిన్నెనైతే అంచు మీది పేరు కనిపించేలా తీయాలి. ఆ పిన్ని ఎవరో, ఏ పెళ్లికి ఇచ్చిందో చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే, వాళ్ల చేతే నాలుగు ముక్కలు రాయించుకోవాలి. ఏ సెలవు రోజు మధ్యాహ్నమో కూర్చుంటే ఓ అటక పూర్తవుతుంది.